బనియన్ ఆపరేషన్ తరువాత: మంచం మీది నుంచి మళ్ళీ బజారు దాకా

బనియన్ అనగానే చొక్కా కింద తొడుక్కునేదే ఎవరికైనా గుర్తొస్తుంది. మా వీధిలో ఒకావిడ "బనియన్‌కు ఆపరేషన్ ఏమిటమ్మా" అని నిజంగానే అడిగింది. కాలి బొటనవేలు ఏళ్ళ తరబడి మెల్లగా పక్క వేలి మీదికి ఒరిగి, దాని మొదట్లో ఎముక బయటికి పొడుచుకు వచ్చి, చెప్పు ఒరుసుకుని ఎర్రబడే ఉబ్బుకు ఆ పేరు. చూడటానికి గడ్డలా ఉంటుంది కానీ చాలావరకు అది కొత్తగా పెరిగింది కాదు, పక్కకు జరిగిన ఎముకే. అందుకే పైపైన చెక్కేస్తే సరిపోదు. చాలామందికి ఎముకను కోసి, వరుసలోకి జరిపి, చిన్న స్క్రూలతో బిగిస్తారు. సిద్ధాంతం ఇంతటితో చాలు.

నేను కుడికాలికి చేయించుకుని రెండేళ్ళు దాటింది. బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం, అంటే రోజంతా నిలబడే పని. అప్పటి నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు అందరూ ఒకటే అడుగుతున్నారు: "ఎన్ని రోజులకు నడిచారు?" మర్నాడే నడిచాను, బాత్రూం దాకా. మామూలు మనిషిలా నడిచింది మాత్రం మూడు నెలలకు. రెండు జవాబులూ నిజమే కాబట్టి ఫోనులో చెబితే ఎవరికీ అర్థం కావడం లేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. చర్మం సుమారు 2 వారాల్లో అతుక్కుంటుంది. ఎముకకు 6 వారాలు, కొందరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. వాపు పూర్తిగా పోవడానికి 6 నెలల నుంచి ఏడాది. కుట్లు విప్పారు కదా అని ఎముక కూడా అతుక్కుపోయిందనుకోవడమే నేను చూసిన తప్పుల్లో పెద్దది.

ఆసుపత్రి వదిలే ముందు రాయించుకోవాల్సినవి

బనియన్ ఆపరేషన్లన్నీ ఒకటి కావు. ఎముకను కోసి జరిపినవాళ్ళు ప్రత్యేకమైన చెప్పుతో మడమ మీద బరువు వేసి త్వరగానే నడవగలరు. పాదం మధ్యలోని కీలును కదలకుండా బిగించినవాళ్ళు కొన్ని వారాలు ఆ కాలు నేలకు ఆనించకూడదు. బొటనవేలి కీలునే శాశ్వతంగా బిగించేస్తే ఆ వేలిని వంచే వ్యాయామాలు అసలు చేయకూడదు. పక్కింటివాళ్ళ అనుభవం మీకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఈ మూడింటికీ జవాబులు కాగితం మీద రాయించుకోండి:

- ఏ కీలునైనా బిగించారా, లేక ఎముకను మాత్రమే జరిపారా?
- కాలి మీద ఎంత బరువు వేయవచ్చు, ఎప్పటి నుంచి?
- బొటనవేలు కదిలించడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

కింద చెప్పిన వారాల లెక్క ఎముకను జరిపినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది. మీ కాగితంలో వేరే మాట ఉంటే ఆ కాగితమే చెల్లుతుంది.

ఇంట్లో సిద్ధం చేసుకోవాల్సినవి

ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే సమకూర్చుకోండి. తరువాత మీరు వెతుక్కోలేరు, ఇంట్లోవాళ్ళకు దొరకవు.

- ఆసుపత్రిలో ఇచ్చే గట్టి అడుగు చెప్పు. బరువు మడమ మీద పడేలా చేస్తుంది. రెండో కాలికి దాదాపు అంతే ఎత్తున్న చెప్పు వేసుకోకపోతే వారంలో నడుము పట్టేస్తుంది.
- వాకర్ గానీ ఊతకర్రలు గానీ. ఒకరోజు ముందే ఇంట్లో వాటితో నడిచి చూడండి.
- గట్టి దిండ్లు 3. మెత్తనివి అర్ధరాత్రికి అణిగిపోతాయి.
- చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి స్నానానికి, ఎత్తు పీట ఒకటి కాలు పెట్టుకోవడానికి.
- పొడవాటి ప్లాస్టిక్ సంచులు, అంటించే టేపు.
- ఇంట్లో కూర్చుని వెళ్ళే మరుగుదొడ్డి లేకపోతే కమోడ్ కుర్చీ. గొంతుకూర్చుని లేచేటప్పుడు ఒంటి బరువంతా వేళ్ళ మీదే పడుతుంది. ఈ ఒక్కదాంట్లో రాజీ పడవద్దు.
- మెడకు తగిలించుకునే చిన్న సంచి. వాకర్ పట్టుకున్నవాళ్ళకు ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు.

గుమ్మాల దగ్గరి కాళ్ళు తుడుచుకునే పట్టాలు తీసేయండి. నేను జారబోయింది బాత్రూంలో కాదు, దాని బయట పరిచిన పట్టా మీద.

1. మొదటి రాత్రి: మత్తు దిగకముందే మాత్ర వేసుకోండి

పాదానికి ఇచ్చిన మత్తు సూది 12 నుంచి 24 గంటల దాకా పనిచేయవచ్చు. ఆ సమయంలో "ఇంతేనా, నొప్పే లేదు" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మాత్ర పక్కన పెట్టి నిద్రపోయాను. తెల్లవారుజామున మూడింటికి పాదంలో రోకలితో దంచుతున్నట్టు మెలకువ వచ్చింది. అప్పుడు వేసుకున్న మాత్ర పని మొదలుపెట్టేలోగా పాలవాడు కూడా వచ్చేశాడు. మొదటి 2, 3 రోజులు నొప్పి వచ్చాక కాదు, డాక్టరు రాసిన వేళకే మాత్ర వేసుకోండి.

హెచ్చరిక: నొప్పి మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరం వచ్చిందని ఇంట్లో ఉన్న ఇంకో పారాసిటమాల్ దానికి జోడించవద్దు. స్ట్రిప్పు వెనక పేర్లు చదవండి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. కొన్ని మాత్రలు మలబద్ధకం తెస్తాయి, నీళ్ళు ఎక్కువగా తాగండి.

2. మొదటి 2 వారాలు: పాదం గుండె కంటే ఎత్తులో

గంటలో 50 నిమిషాలకు పైగా కాలు పైనే ఉండాలి. బాత్రూంకు వెళ్ళడం, భోజనానికి కూర్చోవడం మిగిలిన నిమిషాల్లోకి వస్తాయి. కుర్చీలో కూర్చుని ఎదురుగా పీట మీద కాలు పెట్టుకుంటే చాలనుకుంటారు. చాలదు. అలా కూర్చున్నప్పుడు పాదం గుండె కంటే కిందే ఉంటుంది. పడుకుని, మోకాలి కింద నుంచి మడమ దాకా దిండ్లు వాలుగా పేర్చాలి. మడమ దిండు అంచు దాటి కొద్దిగా గాలిలో ఉంటే అక్కడ ఒరిపిడి పుండు పడదు.

సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి: కాలు దించగానే పాదం బరువెక్కి టకటక కొట్టుకుంటుంది, పైకెత్తిన కొద్ది నిమిషాల్లో ఆ కొట్టుకోవడం నెమ్మదించాలి. తగ్గలేదంటే ఎత్తు చాలలేదు, లేదా కట్టు బిగుతైంది.

ఐసు పెట్టేటప్పుడు 15, 20 నిమిషాలకు మించవద్దు, బట్టలో చుట్టే పెట్టాలి. కట్టు మందంగా ఉంటే చల్లదనం లోపలికి దిగదు. అప్పుడు మోకాలి వెనక పెట్టవచ్చు. కట్టు తడవకూడదు. పాదం ఇంకా మొద్దుబారి ఉన్నప్పుడు ఐసు వద్దు, చర్మం దెబ్బతిన్నా తెలియదు.

పడుకుని ఉన్నంతసేపూ గంటకోసారి చీలమండను పైకీ కిందికీ 10, 15 సార్లు ఆడించండి, పాదం మధ్య కీలు బిగించినవాళ్ళు మాత్రం డాక్టరును అడిగాకే. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఇది కాపాడుతుంది.

3. కట్టును కదిలించవద్దు

ఆ కట్టు గాయం మీద కప్పు మాత్రమే కాదు, జరిపిన వేలిని సరైన చోట పట్టి ఉంచే అచ్చు. దురద పెడుతోందని పుల్ల దూర్చడం, వదులైందని ఇంట్లో విప్పి చుట్టడం, రెండూ చెరుపే. వదులైతే ఆసుపత్రికి వెళ్ళి కట్టించుకోండి.

రోజుకు రెండుసార్లు బయటికి కనిపించే వేళ్ళను చూడండి. గోరు మీద నొక్కితే తెల్లబడి, 2, 3 సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి. రాకపోయినా, వేళ్ళు నీలంగా, చల్లగా ఉన్నా కాలు పైకెత్తి వెంటనే ఆసుపత్రికి ఫోను చేయండి. కట్టు మీద ఎండిన రక్తపు మరక ఒకటి రెండు ఉండటం మామూలే. ఆ మరక చుట్టూ పెన్నుతో గీత గీయండి. మర్నాటికి మరక గీత దాటితే చెప్పాల్సిన విషయమే.

స్నానం కుర్చీలో కూర్చుని చేయండి, కాలు బయట పీట మీద. సంచి తొడిగి పిక్క మీద టేపుతో అంటించండి. చీలమండ దగ్గర రబ్బరు బ్యాండ్లు బిగించేవాళ్ళను చూశాను. అది రక్తం ఆపుతుంది కానీ నీళ్ళను ఆపదు.

4. పథ్యం గురించి

ఇక్కడ మా అత్తగారితో జరిగిన యుద్ధం గురించి చెప్పాలి. పప్పు పెడితే చీము పడుతుంది, వంకాయ దురద, గోంగూర వేడి, గుడ్డు వద్దు, పెరుగు వద్దు. మిగిలింది కారప్పొడి, చారు. ఎముక అతకడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, మాంసం, మీరు తినేవన్నీ తినండి. పప్పు వల్ల చీము పట్టదు. గాయంలోకి క్రిములు చేరితేనే పడుతుంది. అలాగే కుట్ల మీద పసుపు, ఆకు పసర్లు రాయవద్దు.

మధుమేహం ఉన్నవాళ్ళకు గాయం మానడం చక్కెర అదుపు మీద ఆధారపడి ఉంటుంది. రోజూ పరీక్షించి రాసిపెట్టుకోండి. సిగరెట్, బీడీ, చుట్ట ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి. కనీసం ఎముక అతికేదాకా మానడం గురించి ఇంట్లోవాళ్ళు గొడవపడినా తప్పులేదు.

5. మెట్లు, నేల, వంటిల్లు

మెట్లు ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ అయిన కాలు. ఒక చెయ్యి రెయిలింగు మీద ఉండాలి. భయం వేస్తే మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కటిగా జరుగుతూ దిగండి. నేను అలాగే దిగాను, పరువేమీ పోలేదు.

నేల మీద కూర్చోవడం 6 వారాల దాకా మానేయండి. కూర్చోవడంలో ఇబ్బంది లేదు, లేవడంలోనే ఉంది. లేచేటప్పుడు మనకు తెలియకుండానే బొటనవేలితో నేలను తన్నుతాం. పూజ కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు.

వంట చేయక తప్పనివాళ్ళు కూరలు తరగడం, బియ్యం ఏరడం మంచం మీదే కానిచ్చుకోండి. పొయ్యి దగ్గర నిలబడటం మూడో వారం తరువాత మొదలుపెట్టి, ఒక్కసారికి 10 నిమిషాలతో ఆపండి.

6. కుట్లు విప్పాక, 2 నుంచి 6 వారాలు

కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకు విప్పుతారు. ఆ రోజు తేలిగ్గా అనిపించి చాలామంది నేరుగా బట్టల దుకాణానికి వెళ్ళిపోతారు. ఆ సాయంత్రానికి పాదం పూరీలా పొంగుతుంది. ఎముక ఇంకా అతకలేదు, గట్టి అడుగు చెప్పు ఇంట్లో కూడా తీయకూడదు. రాత్రి నిద్రమత్తులో బాత్రూంకు వట్టి కాళ్ళతో వెళ్ళేది ఈ రోజుల్లోనే. చెప్పును మంచం దిగే వైపే, అడుగు పడే చోటే పెట్టుకోండి.

వేలికి వ్యాయామం డాక్టరు సరేనన్న రోజు నుంచి మొదలుపెట్టండి. వేలి కొసను పట్టుకుని వంచడం అందరూ చేసే పొరపాటు. అలా చేస్తే కొస కీలే వంగుతుంది, మనకు కావాల్సింది మొదట్లో ఉన్న పెద్ద కీలు. ఒక చేత్తో పాదాన్ని ముందు భాగంలో కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో బొటనవేలిని దాని మొదలుకు దగ్గరగా పట్టుకుని మెల్లగా పైకి లేపి 10 లెక్కపెట్టండి, తరువాత కిందికి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు. పట్టేసినట్టు ఉండటం సరే, సూదిలా పొడిస్తే ఆపండి. పక్కలకు వంచవద్దు.

ఎక్కువైందో లేదో మర్నాటి ఉదయం చెబుతుంది. సాయంత్రం వాపు అందరికీ ఉంటుంది. రాత్రి కాలు ఎత్తి పడుకున్నాక పొద్దున్న లేచేసరికి తగ్గి ఉంటే నిన్నటి పని సరిపోయింది. పొద్దున్న కూడా నిన్నటంత వాపో నొప్పో ఉంటే ఆ రోజు నడక సగం చేయండి.

గాయం పూర్తిగా మూసుకుని చెక్కు రాలిపోయాక మచ్చ మీద కొబ్బరినూనెతో వేలితో చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దవచ్చు. మచ్చ పక్కన చర్మం మొద్దుబారి ఉంటే కంగారుపడవద్దు. చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఒక చిన్న చోట మిగిలిపోతుంది.

7. బయటికి వెళ్ళడం, బండి, ఉద్యోగం

కూర్చుని చేసే ఉద్యోగమైతే 2 నుంచి 4 వారాలకు, బల్ల కింద కాలు ఎత్తి పెట్టుకునే ఏర్పాటు ఉంటేనే. బస్సులో నిలబడి వెళ్ళాల్సి వస్తే ఇంకా ఆగండి. రద్దీ బస్సులో ఎవరైనా ఆ వేలు తొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి చాలు. నిలబడి చేసే పని, బరువులు మోసే పని అయితే 8 నుంచి 12 వారాలు. నేను పదో వారం బడికి వెళ్ళాను. మొదటి పదిహేను రోజులు కుర్చీలోంచే పాఠం చెప్పాను.

కారు: ఆపరేషన్ ఎడమకాలికి, గేర్లు మార్చే పని లేని కారు అయితే 2 వారాల తరువాత డాక్టరును అడగవచ్చు. కుడికాలు అయితే 6 నుంచి 8 వారాలు, మామూలు బూటు ఎక్కాకే. ఆగి ఉన్న కారులో ఇంజిను ఆపి, ఒక్కసారిగా బ్రేకును గట్టిగా తొక్కి చూడండి. తొక్కే ముందు మనసు ఒక్క క్షణం వెనకాడినా మీరు ఇంకా సిద్ధంగా లేనట్టే.

మోటార్‌సైకిల్ సంగతి వేరు. చాలా బళ్ళలో గేరు పైకి వేయాలంటే ఎడమ బొటనవేలి పైభాగంతో ఎత్తాలి, ఆపరేషన్ ఎడమకాలికైతే కోసిన చోటే దెబ్బ. కుడికాలి కింద బ్రేకు ఉంటుంది. స్కూటరులో గేరు లేకపోయినా సిగ్నల్ దగ్గర కాలు ఆనించక తప్పదు. రెండింటికీ మూడు నెలల దాకా ఆగితే మంచిది.

పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్ళేవాళ్ళు సుదీర్ఘ విమాన ప్రయాణాన్ని మొదటి 6 వారాల్లో పెట్టుకోవద్దు. రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

8. ఆరో వారం ఎక్స్‌రే, ఆ తరువాత చెప్పులు

ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాకే మామూలు పాదరక్షలు. ముందుగా తాళ్ళున్న వెడల్పాటి స్పోర్ట్స్ బూట్లు. రబ్బరు హవాయి చెప్పులు ఇప్పుడప్పుడే వద్దు. వాటి పట్టీ సరిగ్గా బొటనవేలికీ పక్క వేలికీ మధ్య దిగుతుంది, జారిపోకుండా వేళ్ళతో పట్టుకోవాల్సి వస్తుంది. వెనక పట్టీ ఉన్న, ముందు వెడల్పున్న చెప్పులు తీసుకోండి.

కొనడానికి సాయంత్రం, పాదం వాచి ఉన్న వేళ వెళ్ళండి. ముందు ఇంట్లో తెల్లకాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీయించుకోండి. దుకాణంలో ఆ కాగితం మీద బూటు పెట్టండి. గీత బూటు అంచు దాటి బయటికి కనిపిస్తే, ఆ బూటు ఎంత అందంగా ఉన్నా తిరిగి ఇచ్చేయండి. నేను నా పాత చెప్పులన్నింటినీ అలా కొలిచాను. ఏడు జతల్లో రెండే మిగిలాయి. ముందు మొన తేలినవి, ఎత్తు మడమలవి మళ్ళీ రోజూ తొడిగితే వేలు మళ్ళీ ఒరగడం మొదలుపెట్టవచ్చు.

9. నడక సరిచేసుకోవడం

ఎవరూ చెప్పని భాగం ఇది. వారాల తరబడి బొటనవేలిని కాపాడుకుంటూ పాదం బయటి అంచు మీద నడవడం అలవాటవుతుంది. నొప్పి పోయినా ఆ నడక పోదు. తరువాత మోకాలు, తుంటి నొప్పులు మొదలవుతాయి, అందరూ వయసు మీద నెట్టేస్తారు.

పరీక్ష తేలిక. గాయం పూర్తిగా మానాక, డాక్టరు వట్టికాళ్ళతో నడవమన్నాక, కాళ్ళు తడిపి పొడి గచ్చు మీద 4 అడుగులు వేయండి. జారకుండా గోడ పక్కనే. వెనక్కి తిరిగి జాడలు చూడండి. నా ఎడమ జాడలో అయిదు వేళ్ళూ ఉన్నాయి. కుడి జాడలో నాలుగే. బొటనవేలి చోట నేల పొడిగా ఉంది! అంతకుముందు దాకా నేను బాగానే నడుస్తున్నానని అందరితో చెబుతున్నాను.

సరిచేయడానికి: మడమ ముందు ఆనించి, చివర్లో బొటనవేలితో నేలను వెనక్కి నెడుతూ మెల్లగా నడవండి, రోజుకు 5 నిమిషాలు. 10, 12 వారాల తరువాత గోడ పట్టుకుని రెండు కాళ్ళ మడమలూ ఎత్తి దించడం కలపండి. వారానికోసారి తడి జాడ చూసుకోండి. నెల రోజుల్లో మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళండి.

పరుగు, ఆటలు 3 నుంచి 6 నెలల మధ్య. గుళ్ళో వట్టికాళ్ళతో కాసేపు నడవడం మూడో నెల తరువాత సరే. అలిపిరి నుంచి 3,550 మెట్లు, అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ లాంటివి కనీసం ఆరు నెలలు దాటాక. మొక్కు ఉంటే కొండ మీదికి బస్సులో వెళ్ళండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సినవి

జ్వరం, చీము, దుర్వాసన, రోజురోజుకూ పాకే ఎరుపు, మాత్రకు లొంగని నొప్పి, వేలు హఠాత్తుగా పక్కకు తిరగడం. ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొక్కితే నొప్పి వస్తే అదే రోజు చూపించాలి. ఆయాసం, గుండెలో పొడిచినట్టు నొప్పి వస్తే ఏమీ ఆలోచించకుండా 108కి ఫోను చేయండి.

పదేపదే అడిగే రెండు

రెండో కాలికి కూడా ఎప్పుడు? మొదటి కాలు మీద మొత్తం బరువు వేసి నమ్మకంగా నడవగలిగాక. ఆరు నెలలు ఆగమనే ఎక్కువమందికి చెబుతారు. రెండూ ఒకేసారి చేయించుకుంటే ఆనుకోవడానికి మంచి కాలంటూ ఉండదు.

మెట్టెలు ఎప్పుడు పెట్టుకోవచ్చు? ఆపరేషన్ రోజు తీయించేస్తారు, పెద్దవాళ్ళు బాధపడతారు, తప్పదు. వాపు వేళ్ళకు మెట్టె బిగిస్తే తరువాత కోయాల్సి వస్తుంది. సాయంత్రం కూడా రెండో వేలు వాయడం మానేశాక పెట్టుకోండి. నాకు ఎనిమిదో నెల పట్టింది. బొటనవేలు దూరం జరిగాక పక్క వేలి ఆకారం కూడా కొంచెం మారినట్టుంది, పాత మెట్టెలను కాస్త వదులు చేయించాల్సి వచ్చింది.